సముద్రం వైపు గీత లేని మైదానం

ఈ ప్రయాణం మా ఆఫీసులో టీ దగ్గర జరిగిన గొడవతో మొదలైంది. ప్రపంచ కప్పు ఫైనల్ చూసి అందరూ నిద్రకళ్లతో వచ్చిన రోజు అది. విశాఖపట్నంలో నేను పనిచేసే బీమా ఆఫీసులో ఆ పూట పాలసీల మాట ఎత్తినవాళ్లు లేరు. ఎవరి జట్టు కోసం వాళ్లు కొట్టుకుంటున్నారు. ఎవరి జట్టంటే, ఏ ఖండంలోనో ఉన్న జట్టు. ఇంతలో నా పక్క సీటాయన గ్లాసు ఊదుకుంటూ, "మన జనం రక్తంలోనే ఫుట్‌బాల్ లేదండీ, అందుకే మనకా కప్పు రాదు" అని తీర్పు చెప్పేశాడు. రక్తపరీక్ష ఏ ల్యాబులో చేయించారని అడిగాను. ఆయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. నా కోపం సంగతి ఈ బ్లాగు చదివేవాళ్లకు కొత్త కాదు. సెలవు దొరికితే కొండలు చూసేవాళ్లుంటారు, గుళ్లకు వెళ్లేవాళ్లుంటారు. నేను ఆట మైదానాలు చూడడానికి వెళ్తాను. ఆడేవాళ్లుండి ఆడించేవాళ్లు లేని ఊళ్లు ఎన్ని చూశానో ఆయనకు చెప్పబోయేసరికి ఆయన ఫోను మోగింది.

కొన్నాళ్లకు పలాసలో ఉండే స్నేహితురాలు ఒక చిన్న వీడియో పంపింది. ఉద్దానం తీరంలో ఏదో పేట. ఆడపిల్లలు ఉత్తికాళ్లతో తడి ఇసుక మీద ఫుట్‌బాల్ ఆడుతున్నారు. బంతి నీళ్లలోకి పోయింది. ఆట ఆగిపోయిందనుకున్నాను. ఒక బక్కపలచని అమ్మాయి నీళ్లలోకి అలాగే పరుగెత్తి, వెనక్కి పోతున్న అలలోంచి బంతిని కాలితో లాక్కుని, ఇద్దరిని చుట్టి వచ్చి, అదే ఊపులో గోలు కొట్టింది. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నంబరు సంపాదించి ఆ పిల్లలకు ఆట నేర్పే గురయ్య అనే ఆయనకు ఫోను చేశాను. "సూడ్డానికైతే ఎప్పుడైనా రండమ్మా. గాని ఈ ఆదివారం వత్తే మరీ మంచిది. టెక్కలిలో సెలక్షనుంది, మా గుంటని తీసుకెల్తన్నాను. సదువుకున్నోలు ఒకలు పక్కనుంటే మాకూ దైర్యం" అన్నాడు. ఆ గుంట వీడియోలో పిల్లేనా అని అడిగాను. "అదేనమ్మా, నూకరత్నం" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం విశాఖలో రైలెక్కాను. భువనేశ్వర్ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు పలాసలో ఆగుతాయి. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే, ప్రయాణం మూడు, మూడున్నర గంటలు. నేను వెళ్లాల్సిన పేటకు పూండి స్టేషనే దగ్గర, కాని అక్కడ ప్యాసింజర్లు తప్ప ఆగవు. అందుకని పలాసలో దిగి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఎనిమిది వందలకు గది తీసుకున్నాను. ఫిబ్రవరి కాబట్టి ఫ్యాను అక్కర్లేదు, దోమలు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రం కాశీబుగ్గ వైపు నడిస్తే జీడిపిక్కలు కాల్చిన వాసన గొంతులో పట్టుకుంది. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు విరిగిన పప్పు కొనుక్కోండి, గుండు పప్పు కన్నా బాగా చవక, రుచిలో తేడా ఏమీ ఉండదు.

మర్నాడు తెల్లవారకముందే ఆటో అప్పలరాజు వచ్చి హారన్ కొట్టాడు. రోజంతా తిరగడానికి, టెక్కలి రానూపోనూ కలిపి, పదిహేను వందలకు మాట్లాడుకున్నాం. "ఫుట్‌బాల్ సూడ్డానికి ఇశాపట్నం నుంచి వచ్చినారా మేడమ్?" అని మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగబోయి, "మా ఊరోలు ఆలని ఒక్కసారీ ఓడించనేకపోనారు. ఏటేటా పనసపండు ఆలే అట్టుకుపోతన్నారు" అని నిట్టూర్చాడు. పనసపండేమిటని అడిగితే దారంతా అదే కథ. వేసవిలో వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. గుజరాత్‌లో, చెన్నైలో వేటకు పోయిన మగవాళ్లు ఇంటికొస్తారు. చూసే జనం నిండుగా ఉన్న ఆ రోజుల్లో తీరం వెంట పేటలకూ, లోపలి ఉద్దానం ఊళ్లకూ మధ్య ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలు. గెలిచిన జట్టుకు తోటల రైతులు ఇచ్చే బహుమతి, ఆ ఏడు కాసిన పనసపళ్లలో అన్నిటికన్నా పెద్దది. కప్పు లేదు, మెడల్ లేదు. పండు కోసి ఓడినవాళ్లకు కూడా తొనలు పెట్టాలట, అది పద్ధతి. "తొనలు పెడతారు గాని మేడమ్, పెడతా నవ్వుతారు. అదే మండుతాది" అన్నాడు అప్పలరాజు.

జీడిమామిడి తోటలు పూత మీద ఉన్నాయి. కొబ్బరి తోటల్లో తుపానుకు తలలు విరిగిన చెట్లు ఇంకా కొన్ని అలాగే నిలబడి ఉన్నాయి. ముప్పావు గంటలో పేట చేరాం. సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది. పోయిన మేర గట్టిపడిన ఇసుక, అదే మైదానం. రెండు చివరలా సరుగుడు బాదులతో గోలుపోస్టులు. వాటికి వెనక పాత చేపల వల. మన రాష్ట్రంలో గోలుకు వల లేని మైదానాలు బోలెడు చూశాను. ఇక్కడ ఆ లోటు లేదు. సముద్రం ముందుకొస్తే మైదానం ఉండదు కాబట్టి ఆట వేళ సముద్రమే చెబుతుంది. ఆ రోజు పొద్దున్నే ఒకసారి, మళ్లీ సూర్యాస్తమయం వేళ ఒకసారి.

గురయ్యకు యాభై దాటి ఉంటాయి. బొజ్జ, మెడలో విజిల్, ఒడ్డున నిలబడి అరిస్తే నడిసముద్రంలో పడవవాళ్లకు వినిపించే గొంతు. కుర్రతనంలో గోవా రేవులో బోటు మీద పనిచేసి, అక్కడి జాలర్లతో సాయంత్రాలు ఆడి, ఆట వెంటబెట్టుకుని ఊరొచ్చాడు. "నాయంత ఆటగాడు ఈ తీరంలో ఇంకోడు నేడు" అని పరిచయం చేసుకున్నాడు. పక్కనున్న పిల్లలు మొహాలు తిప్పుకుని నవ్వారు. ముందు మగపిల్లలకే నేర్పాడట. వాళ్లు ఎదిగి ఒక్కొక్కరే వేటకు గుజరాత్ పోతుంటే పదకొండుమంది మిగల్లేదు. అప్పుడు ఆడపిల్లల్ని దించాడు, చూసి మిగతా ఊళ్లూ దించాయి. ఊళ్లో కొందరు గొణిగారు. పనసపండు ఇంటికొచ్చాక గొణుగుడు ఆగింది.

ఈ పేట జట్టుకు డబ్బెవరిస్తారని అడిగాను. గురయ్య నన్ను అమాయకురాలిని చూసినట్టు చూశాడు. ఒడ్డు నుంచి పెద్దవల లాగిన రోజు చేపలు వాటాలు వేస్తారు. వలకు ఒక వాటా, పడవకు ఒక వాటా, తాడు లాగినవాళ్లకు తలా ఒక వాటా, గంగమ్మకు కొంత. దాని పక్కన ఒక చిన్న కుప్ప పోస్తారు. అది బంతి వాటా. దాన్ని అమ్మితే వచ్చేదే జట్టు ఖర్చు. ఉప్పునీళ్లకు కుట్లు ఊడిపోయి బంతులు ఊరికే పాడవుతాయి. వల ఖాళీగా వచ్చిన నెలలో పాత బంతికే గుడ్డ కుట్టి ఆడతారు. క్లబ్ అంటే ఏమిటో, అది ఎక్కడ పుడుతుందో నేను చాలా చోట్ల చదివాను. ఆ చేపల కుప్ప గురించి విన్నప్పుడు అర్థమైనంత తేటగా ఇంకెక్కడా అర్థం కాలేదు.

ఆట మొదలైంది. ఊరి వైపు ఇసుకలో మడమతో గీసిన గీత ఉంది. సముద్రం వైపు ఏమీ లేదు. బంతి నీళ్లలోకి వెళ్లినా ఎవరూ ఆగడం లేదు. మోకాళ్ల లోతులో కూడా కొట్టుకుంటున్నారు. ఎప్పుడు ఆపుతారని అడిగితే, "బంతి తేలితే ఆగాలమ్మా. తేలనంత సేపు ఆటే" అన్నాడు గురయ్య. నూకరత్నం ఆడేది కుడి అంచున. పదహారేళ్లు, ఇంటర్ చదువుతోంది. ఆటలో నోరు విప్పదు. ఇద్దరు కలిసి అడ్డం వస్తే సముద్రం వైపు తప్పుకుంటుంది. చీలమండల లోతు నీళ్లలో బంతి బరువెక్కి నెమ్మదిస్తుంది కదా, అక్కడే ఆమె వేగం పెంచుతుంది. బొటనవేలితో బంతిని కొద్దిగా ఎగరేసి, నీళ్ల మీంచి తప్పించి, చుట్టూ తిరిగి మళ్లీ లోపలికి వస్తుంది. వెంటపడిన పిల్లలు నీళ్లు చిమ్ముకుంటూ వెనకబడిపోతారు. నేను టీవీలో చూసే ఖరీదైన ఆటగాళ్లు ఎందరికో ఆ ఒడుపు లేదు. అభిమానంతో అంటున్నాననుకోకండి, చూసి అంటున్నాను.

ఆట అయ్యాక రత్నం ఇంట్లో చోడి అంబలి, అంటే రాగి జావ, తాగాం. వాళ్లమ్మ లచ్చమ్మ ఎండుచేపలు తట్టలో సర్దుతూనే మాట్లాడింది. "మీరు సెప్పండమ్మా, ఈ బంతాట కూడెడతాదేటి?" అని నన్నే అడిగింది. టెక్కలిలో కొత్త క్లబ్బు వాళ్లు తీసుకుంటే హాస్టలు, తిండి, చదువు వాళ్లే చూస్తారట. తీసుకోకపోతే పరీక్షలయ్యాక రత్నాన్ని పలాసలో చెల్లెలి దగ్గరికి పంపేస్తుంది, జీడిపప్పు ఒలిచే పనికి. "మా సెల్లి సేతులు సూడండి ఓపాలి, జీడి రసానికి నల్లగా కమిలిపోనాయి. నాకు మాత్రం కూతుర్ని పంపాలని ఉంటాదేటి? ఇంట్లో ముగ్గురున్నారు" అంది. రత్నం గ్లాసు కడుగుతూ ఏమీ వినపడనట్టే ఉంది. ఆటోలో కూర్చున్నాక నన్ను మెల్లగా అడిగింది. "మేడమ్, ఆలు ఎంతమందిని తీసుకుంటారు?" నాకు తెలియదని చెప్పాను.

పూండి మీదుగా హైవే ఎక్కి టెక్కలి చేరడానికి గంటంపావు పట్టింది. హైవే బాగుంది కాని పూండి దాకా గతుకులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆటో బదులు కారు మాట్లాడుకోండి. ఊరి శివార్లలో అద్దెకు తీసుకున్న మైదానంలో సెలక్షన్ పెట్టారు. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ, మంటలు కక్కుతూ ఎగురుతున్న బంతి, దాని కింద క్లబ్బు పేరు. ఆ పేరు ఇక్కడ రాయను, ఊరికే ప్రచారం ఎందుకు? అమ్మాయిల కోసం కొత్తగా ఒక లీగ్ పెడుతున్నారు. అందులో ఆడడానికి డబ్బున్నవాళ్లు కొందరు కలిసి ఈ క్లబ్బును పుట్టించారు. క్లబ్బుకు పాట ఉంది, బొమ్మ ఉంది, జెర్సీ ఉంది. లేనిది జట్టు ఒక్కటే.

రత్నం కోసం గురయ్య ఎక్కడో పాత బూట్లు సంపాదించాడు. అవి కాస్త పెద్దవి, వేళ్ల దగ్గర గుడ్డ కుక్కాడు. పుట్టి బుద్ధెరిగాక బూట్లతో ఆడని పిల్ల మొదట బంతిని తాకిన రెండుసార్లూ తడబడింది. ఉత్తికాళ్లతో ఆడతానని సైగ చేస్తే క్లబ్బు కోచ్ కుదరదన్నాడు. మిగతా పిల్లలంతా బూట్లలో ఉన్నారు, కాళ్లు తొక్కుతారు, అది నిజమే, అక్కడ ఆయన్ని తప్పు పట్టను. కోచ్ నల్లకళ్లద్దాల మనిషి, మెత్తగానే మాట్లాడుతున్నాడు. రత్నం కాసేపటికి బూట్లకు అలవాటు పడింది. బంతి కుడి అంచుకు వచ్చింది. ఇద్దరు అడ్డం వచ్చారు. ఆమె పొద్దున చేసినట్టే కుడికి తప్పుకుంది.

కుడివైపు సముద్రం లేదు. తెల్లటి సున్నపు గీత ఉంది, గీత అవతల ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లిదండ్రులున్నారు. రత్నం గీత దాటి, కుర్చీల మధ్యనుంచి బంతిని తోసుకుంటూ దూసుకుపోయింది. ఒకాయన కాళ్లు పైకెత్తాడు, ఒకావిడ నీళ్ల సీసా పడేసుకుంది. అడ్డం వచ్చిన ఇద్దరమ్మాయిలూ గీత దగ్గరే ఆగిపోయి చూస్తున్నారు. ఈమె చుట్టూ తిరిగి లోపలికొచ్చి ఎడమకాలితో బంతిని గోలు ముందుకు పంపింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మైదానం మొత్తం ఒక్కసారి గొల్లుమని నవ్వింది.

కోచ్ విజిల్ ఊది, "బంతి బయటికి వెళ్లిందమ్మా" అన్నాడు. రత్నం తలూపింది. అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది. కాసేపటికి బంతి మళ్లీ అటే వచ్చింది, ఆమె మళ్లీ అలాగే చేసింది. ఈసారి విజిల్ గట్టిగా మోగింది. "ఎక్కడికి వెళ్తున్నావమ్మా? బయటికి పోయాక ఆట ఉంటుందా?" అని ఆయన అడిగాడు. రత్నం బంతి వైపు చూసి, ఆయన వైపు చూసి, "తేలనేదు కదా సార్" అంది.

ఆ నవ్వులు ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతోంది. కుర్చీల్లో వాళ్లు పక్కవాళ్లను అడిగి మరీ ఆ మాట చెప్పించుకుని నవ్వారు. ఒకతను ఫోనులో వీడియో తీశాడు. గురయ్య గీత దాకా పరుగెత్తి, "సార్, మాకు ఆ పక్క సంద్రం సార్! సంద్రం పక్క గీత ఉండదు సార్!" అని అరుస్తున్నాడు. ఆ గొంతు ఎవరికీ వినపడనిది కాదు. విన్నవాళ్లు ఇంకా నవ్వారు. ఆ తర్వాత రత్నం కుడి అంచుకు పోవడమే మానేసింది. గీత ఎక్కడుందో చూసుకుంటూ, నేల చూపులతో, మైదానం నడిమధ్య చిక్కుకుని బంతి పోగొట్టుకుంది. కొంతసేపటికి ఆమెను బయటికి పిలిచారు. పేర్లు చదివినప్పుడు ఆమె పేరు లేదు.

నేను ఊరుకోలేదు. నేరుగా కోచ్ దగ్గరికి వెళ్లాను. "గీత నేర్పడానికి ఒక పూట చాలు. ఆ పరుగు నేర్పడానికి మీకెన్నాళ్లు పడుతుంది?" అని అడిగాను. మీరెవరు మేడమ్ అన్నాడు. టికెట్ కొని ఆట చూసే మనిషినన్నాను. ఆయన కళ్లద్దాలు తీశాడు. మనిషి బాగా అలసిపోయి ఉన్నాడు. "ఆ అమ్మాయి పరుగు నేనూ చూశాను మేడమ్. కాని రెండు నెలల్లో లీగ్ మొదలు. నాకు మైదానం వారానికి మూడు రోజులే ఇస్తున్నారు. నేర్పే మనుషులు లేరు. తయారుగా ఉన్నవాళ్లనే తీసుకోమన్నారు" అన్నాడు. మరి తయారు చేసేదెవరని అడిగాను. "అది మా పరిధిలోకి రాదు" అన్నాడు. మళ్లీ సెలక్షన్ ఎప్పుడంటే, "లీగ్ నడిస్తే వచ్చే ఏడు" అన్నాడు. అరవడానికి వెళ్లినదాన్ని, అరిచేందుకు అక్కడ సరైన మనిషి లేక తిరిగొచ్చాను. నా కోపం ఇంకా పెరిగింది.

అది ఎవరి పరిధి? ఇదొక్కటే నా ప్రశ్న. ఆట ఎక్కడైనా ఊళ్లో పుడుతుంది. ఊరికో జట్టవుతుంది, జట్ల మధ్య పంతం పెరుగుతుంది, ఆ పంతమే లీగవుతుంది. అందులోంచి గట్టివాళ్లు పైకొస్తే జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి జట్టు తయారవుతుంది. ఉద్దానంలో మొదటి మూడు మెట్లూ ఎవరి సాయమూ లేకుండా ఉన్నాయి. చేపల కుప్పతో నడిచే క్లబ్బుంది, పనసపండు కోసం నడిచే లీగుంది. మనవాళ్లు ఆ మెట్ల వైపు తిరిగి చూడరు. గోడలు లేకుండా పైకప్పు వేసి, దానికి రంగుల బల్బులు కట్టి, కింద నిలబడ్డవాళ్లను ఎగిరి అందుకోమంటారు. అందుకోలేకపోతే రక్తంలో లేదంటారు. ఒక్క మనిషి, జీతం మీద, నెలకు రెండుసార్లు ఈ పేటలకు వచ్చి పోతే ఆ సున్నపు గీత సంగతి రత్నానికి పదేళ్లప్పుడే తెలిసేది. అంత చిన్న పని చేయనివాళ్లు మన జనం రక్తం గురించి మాట్లాడతారు. సిగ్గుండాలి.

మధ్యాహ్నం టెక్కలి బస్టాండు దగ్గర భోజనం చేశాం, ప్లేటు నూట ఇరవై, చారు బాగుంది. రత్నం సరిగ్గా తినలేదు. తిరిగి వచ్చేటప్పుడు అప్పలరాజు మమ్మల్ని సంతబొమ్మాళి మీదుగా తీసుకొచ్చాడు. దూరం కొంచెం ఎక్కువ, కాని నౌపడ దగ్గర ఉప్పుమళ్లు కనిపిస్తాయి, చూసి తీరాలి. ఆ రోజు మాకు చూసే మనసు లేదు. రత్నం బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. ఉప్పుమళ్లు దాటాక, "మావా, ఆ పక్కన కూడా గీతుంటాదని నువ్వెందుకు సెప్పనేదు?" అంది.

గురయ్య బయటికి చూస్తూ కూర్చున్నాడు. "గోవాలో ఉండీది. ఆడినాను కూడాను. ఇక్కడికొచ్చినాక సంద్రం పక్క గీత్తే అల తుడిసీసీది. రెండ్రోజులు గీసి ఒగ్గేసినాను. ఒగ్గేసిన సంగతే మర్సిపోనాను" అన్నాడు. "సంద్రానికి గీత గీత్తారేటే ఎవులైనా?" అని తనలో తను గొణుక్కున్నాడు. అప్పలరాజు ఏదో సరదా మాట అనబోయి అద్దంలో రత్నం మొహం చూసి మానుకున్నాడు.

మేం పేట చేరేసరికి ఎండ చల్లబడింది, సముద్రం మళ్లీ వెనక్కి పోతోంది. పొద్దున్న చూసిన పిల్లలంతా వచ్చి కూర్చున్నారు. ఏమైందో మా మొహాలు చూసే తెలుసుకున్నారు. రత్నం నేరుగా నీళ్ల అంచుకు వెళ్లి మడమతో ఇసుకలో గీత గీయడం మొదలుపెట్టింది. ఒక గోలుపోస్టు నుంచి రెండో దాని వైపు. సగం కూడా కాకముందే అల వచ్చి తుడిచేసింది. మళ్లీ గీసింది. మళ్లీ తుడిచేసింది. మూడోసారి గీస్తుంటే గురయ్య వలల పాకలోకి వెళ్లి, పెద్దవలకు కట్టే పాత తాడు భుజాన వేసుకుని వచ్చాడు. వల నీళ్లలో తేలడానికి కట్టే బెండ్లు దానికి ఇంకా ఉన్నాయి. రెండు సరుగుడు గుంజలు పాతి, ఆ తాడును సముద్రం పక్క పొడుగునా లాగి కట్టారు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు, "సంద్రానికి కంచేత్తన్నార్రా!" అని ఎకసెక్కమాడాడు. అల వచ్చింది. బెండ్లు పైకి లేచాయి, అల పోయాక మళ్లీ అక్కడే కూర్చున్నాయి. తాడు నిలబడింది.

ఆట మొదలయ్యాక రత్నం కష్టం చూడలేకపోయాను. సముద్రం వైపు దారి మూసుకుపోవడంతో పొద్దున్న ఆమె వెనక నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తిన పిల్లలే ఇప్పుడు సులువుగా బంతి లాక్కుంటున్నారు. ఒకసారి అలవాటుగా తాడు దాటేసింది. చిన్నా పెద్దా అందరూ ఒక్క గొంతుతో "గీత!" అని అరిచారు. ఆ రోజు మొత్తంలో రత్నం మొదటిసారి నవ్వింది. ఆ తర్వాత ఒకసారి తాడు పక్కనే, జానెడు ఎడంలో, బంతిని అరికాలితో నొక్కి ఆపి, ఇద్దరి మధ్యలోంచి లోపలికి తిరిగింది. గోలు పడలేదు. గురయ్య మాత్రం విజిల్ ఊదడం మర్చిపోయి చప్పట్లు కొట్టాడు. ఎండుచేపల తట్ట పక్కన పెట్టుకుని ఒడ్డున నిలబడ్డ లచ్చమ్మ నా దగ్గరికొచ్చి, "పనసపండు ఆటలయ్యే దాకా ఇక్కడే ఉంచుతానులెండమ్మా, మా సెల్లికి కబురెడతాను" అంది.

బయల్దేరే ముందు రత్నం ఆటో దాకా వచ్చింది. "మల్లీ ఎప్పుడెడతారు మేడమ్ సెలక్షను?" అని అడిగింది. లీగ్ నడిస్తే వచ్చే ఏడన్నారని చెప్పాను. "నడుత్తాదా?" అంది. ఆ ప్రశ్న నేను దారి పొడుగునా మోసుకొచ్చాను, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మర్నాడు ఆఫీసులో పక్క సీటాయన ఎలా జరిగింది ట్రిప్పు అని అడిగితే ఫోనులో నేను తీసిన ఆ సాయంత్రం ఆట చూపించాను. ఆ తాడేమిటి మధ్యలో అన్నాడు. చెప్పాను. ఆయన టీ చల్లారిపోయింది. తప్పు తెలిసిన పూటే ఆ పేట తన వంతు పని చేసేసింది, ఉన్న తాడుతో, ఎవరినీ అడగకుండా. పుట్టిన్నాటి నుంచి తనదైన సముద్రాన్ని ఆ పిల్ల మీ నియమం కోసం వదులుకుంది. ఇక మీ వంతు పని చేయండి. ఎవరిని అంటున్నానో వాళ్లకు తెలుసు. కప్పు గురించి మాట్లాడే అర్హత అప్పటిదాకా మనలో ఎవరికీ లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. సముద్రం ఎప్పుడు వెనక్కి పోతుందో ముందురోజే పేటలో ఎవరినైనా ఫోనులో అడిగి బయల్దేరండి, లేకపోతే మైదానం నీళ్లకింద ఉంటుంది. వెళ్లాక నీళ్ల అంచున బెండ్లు కట్టిన పాత తాడొకటి కనిపిస్తుంది. పనికిరానిదనుకుని పక్కకు జరపకండి, తొక్కకండి. ఇప్పుడు ఆ పక్క కూడా గీత ఉంది.